మెటల్ డిటెక్టర్‌తో కళింగపట్నం తీరానికి: తొమ్మిదేళ్ల పాపను తీసుకువెళ్లే ముందు కొన్ని సందేహాలు

శ్రీకాకుళం నాన్న (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మొన్నటి రథసప్తమికి కుటుంబంతో అరసవల్లి వెళ్లినప్పుడు, దర్శనం వరుసలో తనిఖీ చేస్తున్న పోలీసు చేతిలోని మెటల్ డిటెక్టర్ మా అమ్మాయి కాలి పట్టీల దగ్గర కూసింది. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్ల ఆ పిల్ల పొడవాటి గరిటె ఒకటి పట్టుకుని మంచాల కింద, బియ్యం డబ్బా మీద ఊపుకుంటూ, నోటితో కూత పెడుతూ తిరుగుతోంది.

ఆ ముచ్చట చూసి, మా కార్యాలయంలో ఒక మిత్రుడి దగ్గర వాడకుండా పడి ఉన్న మెటల్ డిటెక్టర్‌ను అడిగి తెచ్చాను. పొడవాటి గొట్టం, దాని చివర పళ్లెం వంటి భాగం, పైన ముల్లు ఉన్న చిన్న పెట్టె. పెద్ద ఖరీదైనదేమీ కాదు. గత ఆదివారం కళింగపట్నం వెళ్లి, అలలు తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద నడవడం తేలిక కదా అని అక్కడే వెతకడం మొదలుపెట్టాం. పెట్టిన చోటల్లా కూసింది, కూసిన చోటల్లా తవ్వాం, గంటన్నరలో ఒక్క మేకు కూడా దొరకలేదు. తిరుగు ప్రయాణంలో బండి మీద నా వెనక కూర్చుని, "ఇది అబద్ధాలాడుతోంది నాన్నా" అని ఒక్క మాట అని ఊరుకుంది.

మరొక సంగతి కూడా మనసులో ఉండిపోయింది. మేము తవ్వుతుండగా ఒక పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ, ఏటి పోగొట్టుకున్నారు?" అని అడిగాడు. ఏమీ పోగొట్టుకోలేదని చెప్పాక ఆయన మమ్మల్ని చూసిన చూపు వేరుగా ఉంది. అసలు ఇలా తీరంలో వెతకడానికి చట్టం ఒప్పుకుంటుందా? ఏదైనా దొరికితే మనం ఉంచుకోవచ్చా? మన ఇసుకలో పనిచేసే యంత్రం ఏది? పిల్లతో వెళ్లినప్పుడు దేనికి భయపడాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

విజయనగరం రేడియో మరమ్మతు:

మీ మిత్రుడి యంత్రాన్ని తప్పుపట్టకండి. మన తీరపు ఇసుక దానిని తికమక పెట్టింది. ఎందుకో మీ అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పగలిగితే, "అబద్ధాలాడుతోంది" అన్న మాటను ఆమే వెనక్కు తీసుకుంటుంది.

ఆ పళ్లెంలో రాగితీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో విద్యుత్తు సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకుంటూ పారడం వల్ల దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం తగిలిన లోహంలో చిన్న చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి, వాటికి మళ్లీ సొంత క్షేత్రం ఉంటుంది, దానిని రెండో చుట్ట పసిగట్టి కూత పెడుతుంది. అయితే విద్యుత్తును మోసే గుణం లోహాలకే పరిమితం కాదు. సముద్రపు నీరు కూడా ఉప్పు వల్ల విద్యుత్తును మోస్తుంది కాబట్టి, అలలు తడిపిన ఇసుక అంతా యంత్రానికి ఒక పెద్ద పలుచని రేకు పరిచినట్టు తోస్తుంది.

దీనికి తోడు మన దగ్గర నల్ల ఇసుక ఉంది. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం మీదుగా భీమునిపట్నం దాకా తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిలిమనైట్, జిర్కాన్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలతో పాటు అయస్కాంతానికి అతుక్కునే మాగ్నటైట్ కూడా ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఉప్పునీటి ప్రభావం ఒక రకం, మాగ్నటైట్ ప్రభావం మరొక రకం. ఒకే పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) మీద పనిచేసే చవక యంత్రాన్ని మొదటిదానికి తగినట్టు సర్దితే రెండోదానికి కూస్తుంది, రెండోదానికి సర్దితే మొదటిదానికి కూస్తుంది. తడిసిన నల్ల ఇసుక ఇటువంటి యంత్రాలకు అన్నిటికంటే కష్టమైన నేల. మీరు తెలియక సరిగ్గా అక్కడే మొదలుపెట్టారు.

ఒకేసారి అనేక పౌనఃపున్యాలు వాడే యంత్రాలు తడి ఇసుకను చాలావరకు తట్టుకుంటాయి. పల్స్ ఇండక్షన్ అనే మరో రకం క్షణకాలపు విద్యుత్ దెబ్బలను పంపి, ఆ తరువాత వచ్చే ప్రతిధ్వనిని వింటుంది కనుక ఉప్పుకూ నల్ల ఇసుకకూ అంతగా లొంగదు. కాకపోతే దానికి ఇనుముకూ బంగారానికీ తేడా చెప్పడం చేతకాదు. పడవలు నిలిపే ఒడ్డున దానితో నడిస్తే ప్రతి మేకునూ తవ్వవలసిందే, పెద్దవాళ్లకే విసుగు పుడుతుంది. నా మాట వింటే ఇప్పుడే ఏమీ కొనకండి. ఉన్న యంత్రంతోనే పోటు నీరు చేరని ఎగువన, సరుగుడు తోటలకు ఇవతల ఉండే పొడి ఇసుకలో వెతకండి. సున్నితత్వం మీటను సగానికి తగ్గించండి, పళ్లెం ఇసుకకు రెండు వేళ్ల ఎత్తున సమంగా ఉండేలా చూడండి, నెమ్మదిగా ఊపండి. ఇటువంటి యంత్రానికి నాణెం జానెడు లోతులో వినబడితే అదృష్టమే, కాబట్టి మోకాలి లోతు గోతులు తీయకండి.

మన నాణేల గురించి ఒక హెచ్చరిక. ఇనుమును వదిలేయమని చెప్పే మీట చాలా యంత్రాలలో ఉంటుంది. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణేలు అయస్కాంతానికి అతుక్కునే స్టెయిన్‌లెస్ స్టీలువి కనుక, ఆ మీట నొక్కితే మేకులతో పాటు అవి కూడా జారిపోయే అవకాశం ఎక్కువ. పాత అల్యూమినియం పైసలు, ఇత్తడి రంగు ఐదు రూపాయలు అలా జారిపోవు. పాడైపోయిన స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి పాప చేతికి ఇవ్వండి. తవ్వి పోసిన ఇసుకలో దానిని తిప్పితే స్టీలు నాణెం, మేకు, నల్ల ఇసుక అన్నీ సంచికి అతుక్కుంటాయి. సంచిని తిరగేసి అయస్కాంతాన్ని బయటకు తీస్తే అవన్నీ లోపల మిగిలిపోతాయి. నా అనుభవంలో పిల్లలకు యంత్రం కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది.

తీరానికి వెళ్లే ముందు పెరట్లో ఒక పరీక్ష చేయండి. ఒక ప్లాస్టిక్ తొట్టెలో పొడి ఇసుక పోసి, పాప చూడకుండా నాణెం, సీసా మూత, మేకు వేర్వేరు లోతుల్లో పాతిపెట్టండి. ఒక్కొక్కదాని కూత విననివ్వండి, తరువాత అదే ఇసుకలో ఉప్పునీరు పోసి మళ్లీ విననివ్వండి. తీరంలో గంటన్నర పాటు ఏం జరిగిందో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంటికి వచ్చాక పళ్లేన్ని మంచినీటితో కడగండి. చాలా యంత్రాలలో పళ్లెం తడిసినా పరవాలేదు, పై పెట్టె తడిస్తే మాత్రం నా వంటివాడి దగ్గరకు తీసుకురావలసి వస్తుంది.

రెవెన్యూ విశ్రాంత ఉద్యోగి:

ఆ పెద్దాయన చూపుకు కారణం ఊహించడం కష్టం కాదు. మన ప్రాంతంలో ఎవరైనా యంత్రంతో నేల తవ్వుతూ కనిపిస్తే గుప్తనిధుల వేట అనే మాటే మొదట వస్తుంది. పగటిపూటే వెళ్లండి, అడిగినవారికి దాపరికం లేకుండా చెప్పండి, వీలైతే ముందుగా ఊరి పెద్దలకూ మెరైన్ పోలీసులకూ ఒక మాట చెప్పి ఉంచండి. పిల్ల పక్కన ఉండటం మీకు కొంత రక్షణే, కానీ దానినే అనుమతిగా భావించకండి.

చట్టం సంగతికి వస్తే, పోగొట్టుకున్న వస్తువు వేరు, నిధి వేరు. నిన్న ఎవరి వేలి నుంచో జారిన ఉంగరం పోగొట్టుకున్న వస్తువు. దానికి యజమాని ఉన్నాడు. దొరికింది కదా అని జేబులో వేసుకుని ఊరుకుంటే అది నేరం కిందకు రావచ్చు. పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవడం ఉత్తమం.

నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు విషయంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినవారు, ఏమి దొరికింది, ఎంత దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అనే వివరాలతో కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ వస్తువును దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి లేదా తగిన హామీ ఇవ్వాలి. 1878లో పది రూపాయలంటే చిన్న మొత్తం కాదు, ఇప్పుడు అది ఒక టీ ఖరీదు; అయినా చట్టంలో అంకె అదే. విచారణ తరువాత యజమాని లేని నిధి అని తేలితే, దొరికినవారికీ ఆ చోటు యజమానికీ వాటాలు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. తెలియజేయకుండా దాచినవారికి ఆ వాటా పోవడమే కాక, ఏడాది వరకు జైలు శిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇది కాక, వందేళ్లు దాటిన నాణేలు, శిల్పాలు మొదలైనవి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. పాతది అనిపించిన దేనినీ చింతపండుతో తోమవద్దు, అమ్మజూపవద్దు.

శాలిహుండం వైపు ఆ యంత్రాన్ని బండిలో నుంచి దించనే వద్దు. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద ఉన్న ఆ బౌద్ధ క్షేత్రం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అక్కడ ఒక్క పార మట్టి తీసినా ఆటగా పరిగణించరు. దానిని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన ఆయన్ను మనం ఆగస్టు 29న మాత్రమే తలుచుకుంటాం. మీ పాపను యంత్రం లేకుండా ఒకసారి ఆ కొండ ఎక్కించండి.

ఒడ్డు మనిషి, గార మండలం:

నేను ఈ తీరంలోనే పుట్టాను, మాది చేపల వేట కుటుంబం. యంత్రాల సంగతి నాకు తెలియదు గాని, ఇసుక సంగతి కొంత చెప్పగలను.

మీకు ఎక్కువగా దొరికేవి మేకులు, వలలకు కట్టే సీసపు గుళ్లు, తెగిన గాలాలు, సీసా మూతలు, వినాయక నిమజ్జనం తరువాత మిగిలే ఇనుప ఊచలు, తీగలు. మా తాతల నాటి మసూలా పడవల పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, వాటికి మేకులే ఉండేవి కావు. ఉంటే మీ అమ్మాయికి ఇంకా బోలెడు పని దొరికేది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి, మరమ్మతులు జరుగుతాయి, ఆ చోట ఇసుకలో ఇనుము పెరుగుతుంది. పడవలు నిలిపే చోటికి, వలలు ఆరబెట్టే చోటికి దూరంగా వెతకండి. అలివి వల (ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల) లాగుతున్నప్పుడు తాళ్లకు మధ్యలో నిలబడవద్దు, పిల్లను నిలబడనివ్వవద్దు.

గాలం విషయం తేలికగా తీసుకోవద్దు. ఇసుకలో చెయ్యి పెట్టి వెతికే అలవాటు పిల్లలకు ఉంటుంది. ముందు పారతో గాని, జల్లెడతో గాని ఇసుకను పైకి తీసి పరచాలి, అప్పుడే చూపుడు వేలు కూడా ముందుకు రావాలి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు వేయండి. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు చేయించారో చూసుకోండి. తవ్విన గొయ్యి పూడ్చకుండా వెళ్లవద్దు. చీకట్లో వల మోసుకుని నడిచే మావాళ్ల కాళ్లు అందులోనే పడతాయి.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. పొద్దున్నే వెళితే ట్రాక్టర్ చక్రం పోయినట్టు ఇసుక మీద జాడ కనబడుతుంది. ఆ జాడ ఆగిన చోట పొరపాటున కూడా తవ్వవద్దు. మీకు మెత్తగా, తెల్లగా, పింగ్‌పాంగ్ బంతుల్లాంటివి తగిలితే వెంటనే ఆపి, అదే ఇసుకతో కప్పి, అటవీ శాఖవారికి చెప్పండి.

నీటి విషయంలో నాది ఒకటే మాట. అల మీద ఎవరూ పందెం కాయకూడదు. మన వైపు ఒడ్డు కొన్ని చోట్ల రెండు అడుగులు వేయగానే లోతుకు పోతుంది, వెనక్కు లాగే నీరు పెద్దవాళ్లనే పడగొడుతుంది. యంత్రం చెవిలో కూస్తుంటే మనిషికి వెనక అల కనబడదు. పోటు, పాటు వేళలు రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున జరుగుతూ ఉంటాయి. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. మీరు యంత్రం ఊపుతుంటే పిల్లను చూడటానికి రెండో మనిషి ఉండాలి. ఎక్కడైనా డబ్బా వంటి ఇనుప వస్తువు, తెలియని గొట్టం కనిపిస్తే తాకకుండా 112కు ఫోన్ చేయండి.

ఇక సముద్ర స్నానాల రోజుల్లో గంగమ్మకు వేసే నాణేల సంగతి. వాటిని మా పిల్లలు ఏరుకుంటారు, ఎవరూ తప్పు పట్టరు. పసుపు గుడ్డలో కట్టిన మూట గాని, మూకుడు కప్పిన మట్టి కుండ గాని తగిలితే మాత్రం విప్పకుండా ఉన్నచోటే కప్పేయండి. అవి ఎవరో తమవాళ్ల కోసం వదిలినవి.

చింతపల్లి దారి:

నాది విజయనగరం. మా అబ్బాయితో పూసపాటిరేగ వైపు చింతపల్లి తీరానికి రెండేళ్లుగా వెళ్తున్నాను కాబట్టి తల్లిగా ఒక మాట. యంత్రం మీ చేతిలోనే ఉంచుకుని పిల్లకు పార మాత్రమే ఇస్తే, అరగంటకు ఆమె గవ్వలు ఏరుకోవడానికి పోతుంది. పనులు మార్చుకోండి. ఆమె ఊపాలి, మీరు తవ్వాలి. బరువు మోయలేకపోతే గొట్టాన్ని పొట్టిగా సర్దండి. ఎండ ఎక్కకముందే, ముప్పావు గంటలో ముగించండి. ఇంకాసేపు ఉందామని పిల్లే అడిగేటప్పుడు తిరిగి రావడం మేలు. ఒక నోటు పుస్తకంలో దొరికిన ప్రతి వస్తువునూ, సీసా మూత అయినా సరే, కొలిచి బొమ్మ గీయమనండి. మావాడి పుస్తకంలో సీసా మూతలే ఎక్కువ. ఏ మూత ఎంత తుప్పు పట్టిందో చూసి అది ఏ వేసవిదో ఊహించడం వాడి ప్రస్తుత విద్య.

శ్రీకాకుళం నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. శనివారం తొట్టె పరీక్ష చేశాం. ఉప్పునీరు పోయగానే యంత్రం ఆగకుండా కూయడం విని, "పాపం, దీనికి నీళ్లంటే భయం" అని తీర్పు మార్చింది. ఆదివారం ఉదయం ఆరున్నరకే, ఈసారి వాళ్ల అమ్మతో సహా ముగ్గురం కళింగపట్నం చేరుకున్నాం. సున్నితత్వం తగ్గించి పొడి ఇసుకలో మొదలుపెట్టాం. పెట్టిన చోటల్లా కూయడం పోయింది, అసలు కూత రావడమే అరుదైపోయింది. అందువల్ల ఒక్క కూత వినబడగానే, "బేగి రా నాన్నా, ఏటో ఉంది" అని అరిచే అరుపుకు విలువ వచ్చింది.

అదే పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి నేను మాట్లాడే లోపే పాప ఆయన చేతికి అయస్కాంతం ఇచ్చి, నల్ల ఇసుక ఎలా అతుక్కుంటుందో చూపించింది. ఆయన కాసేపు ఆసక్తిగా తిప్పి చూసి, ఇక్కడ ఏముంటుంది, సెలవు రోజుల్లో బజ్జీల బండ్లు నిలిచే చోట చూడండి అని చెయ్యి చూపించాడు. ఆయన చెప్పింది నిజమే. సంచికి అతుక్కున్న నల్ల ఇసుకను పాప ఇంటికి తెస్తానంది గాని, అక్కడే దులిపించాను.

ముప్పావు గంట అనుకున్నది గంట అయింది. నోటు పుస్తకం ప్రకారం పదకొండు సీసా మూతలు, నాలుగు మేకులు, ఒక గాలం (జల్లెడలో పడింది, చెయ్యి తగలలేదు), రెండు రూపాయి నాణేలు, ఒక ఐదు రూపాయల నాణెం, 1988 అని ఉన్న ఆరు పలకల ఇరవై పైసల అల్యూమినియం బిళ్ల. ఆ రూపాయి నాణేలు రెండూ యంత్రం చెప్పినవి కావు, మేకు కోసం తవ్విన ఇసుకలో అయస్కాంతానికి దొరికాయి. ఇరవై పైసల బిళ్ల 2011 జూన్ 30 నుంచి చెల్లదని చెబితే, ఎవరు చెల్లదన్నారు, ఎందుకు అన్నారు, మరి అప్పటికి ఇళ్లలో ఉన్నవన్నీ ఏమయ్యాయి అని దారి పొడవునా అడిగింది. నా దగ్గర సగం జవాబులే ఉన్నాయి.

చివరిగా దొరికినది నల్లబడిన ఒక మట్టె. వెండిదే అనుకుంటున్నాను. తోమలేదు. ఒక్కటే కాబట్టి రెండోది ఎవరి కాలికో ఉండి ఉంటుందని మా ఆవిడ అంది. అక్కడి టీ దుకాణంలో చెప్పి, నా ఫోన్ నంబరు ఇచ్చి వచ్చాం. పాప దానిని అగ్గిపెట్టెలో దూది వేసి దాచింది. రోజూ సాయంత్రం ఎవరైనా ఫోన్ చేశారా అని అడుగుతోంది. ఇంత చిన్న వస్తువును కూడా పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలా, లేక ఊళ్లోనే ఎవరికైనా అప్పగించవచ్చా?

ఒడ్డు మనిషి, గార మండలం:

స్నానాలకు వచ్చినవారి మట్టె అయి ఉంటుంది. వారు ఏ ఊరివారో చెప్పలేం, పైగా మట్టె పోయిన ఇల్లాలు మర్నాడే కొత్త జత కొనుక్కుంటుంది కాబట్టి వెతుక్కుంటూ రాకపోవచ్చు. అయినా స్టేషన్‌లో ఒక కాగితం రాసి ఇచ్చి, వస్తువు అప్పగించండి. వాళ్లు నవ్వినా సరే, రసీదు పాప పుస్తకంలో అంటించుకోవచ్చు. వచ్చే ఆదివారం బందరువానిపేట వైపు వచ్చేటట్టయితే పెందలాడే రండి. తొమ్మిదింటికి అలివి వల ఒడ్డెక్కుతుంది, ఆలోగా మీ పని అయిపోతే పాప వల లాగడం కూడా చూడవచ్చు.